అద్దె బాకీ ఉన్నంతకాలమే స్పైడర్‌మ్యాన్

మారతహళ్లిలో మేం ఆదివారం మధ్యాహ్నం వెళ్లే ఆంధ్రా మెస్‌లో ముద్దపప్పు, గోంగూర అయ్యేలోపు ఆఫీసు తిట్లు పూర్తవుతాయి. సాంబారుతో క్రికెట్. పెరుగు దగ్గరికొచ్చేసరికి ఎవరో ఒకరు స్పైడర్‌మ్యాన్‌ను కదిలిస్తారు. ఇక చేతులు ఎండిపోయినా ఎవరూ లేవరు. వెనక ఖాళీ కోసం నిలబడ్డవాళ్లు మా కుర్చీల వంక కోపంగా చూస్తూనే ఉంటారు.

నెల్లూరు మిత్రుడి లెక్కలో టోబీ మాగ్వైర్ ఒక్కడే స్పైడర్‌మ్యాన్, మిగతా ఇద్దరూ రీమేకులు. కాకినాడవాడు ఆండ్రూ గార్‌ఫీల్డ్‌కు అన్యాయం జరిగిందని పదేళ్లుగా కేసు నడుపుతున్నాడు. మాకంటే బాగా చిన్నవాడైన అనంతపురం కుర్రాడు టామ్ హాలండ్ మనిషి. ‘మీరు చిన్నప్పుడు చూసినారు కాబట్టి మీకు టోబీ గొప్పన్నా, అంతే’ అని ఒక్క ముక్కలో మమ్మల్ని తీసిపారేస్తాడు.

అందులో నిజం లేకపోలేదు. మొదటి సినిమాను నేను మా ఊరి థియేటర్లో, తెలుగు డబ్బింగులో చూశాను. సాలెగూడు వదిలినప్పుడల్లా ముందు బెంచీల వాళ్లు మణికట్టు తిప్పి చూసుకునేవాళ్లు. కానీ చిన్నప్పుడు ఎగబడి చూసి, ఇప్పుడు టీవీలో వస్తే పది నిమిషాలు కూడా భరించలేని సినిమాలు ఎన్ని లేవు? ‘స్పైడర్‌మ్యాన్ 2’ అలా కాదు. అప్పటికంటే ఇప్పుడే ఎక్కువ నచ్చుతోంది. అప్పట్లో నాకు అద్దె కట్టే పని లేదు మరి.

నా వాదన కూడా అదే. ఈ సిరీస్‌లో పీటర్ పార్కర్ (ముసుగు తీస్తే స్పైడర్‌మ్యాన్ పేరు అదే) జేబు ఖాళీగా ఉన్నప్పుడల్లా సినిమా నిలబడింది. ఆ సంగతి సినిమా మరిచిపోయినప్పుడల్లా కూలబడింది. ఎవరు బాగా నటించారు, ఎవరి సూటు బాగుందన్నవి ఆ తర్వాతి మాటలు.

2002లో టోబీతో శామ్ రైమీ తీసిన మొదటి సినిమానే తీసుకోండి. కుస్తీ గోదాలో మూడు నిమిషాలు నిలబడితే 3000 డాలర్లన్నారు. పీటర్ రెండు నిమిషాల్లోనే అవతలివాణ్ని పడగొట్టేశాడు. ‘రెండు నిమిషాలే కదా’ అని చేతిలో 100 డాలర్లు పెట్టి పొమ్మన్నారు. ఆ కడుపుమంటతోనే, అదే ఆఫీసును దోచుకుని పారిపోతున్న దొంగకు పీటర్ దారిచ్చాడు. బాబాయ్ బెన్ ప్రాణం పోయింది. సాలీడు కుట్టడం వల్ల శక్తి వచ్చిందంతే. కథ మొదలైంది మాత్రం ఎగ్గొట్టిన కూలి దగ్గర. ఏడాదికో కంపెనీలో వేరియబుల్ పే కోత చూసేవాళ్లకు ఆ కోపం వేరే చెప్పక్కర్లేదు.

ఇక 2004 నాటి రెండో భాగం మొదటి అరగంట మొత్తం బెంగళూరు బ్యాచిలర్ జీవితమే. పిజ్జా 29 నిమిషాల్లో చేర్చాలి, చేర్చలేడు, ఉద్యోగం పోతుంది. పత్రికాఫీసులో ఫొటో అమ్మితే, వచ్చిన డబ్బు పాత అడ్వాన్సుకే చాలదంటారు. లాండ్రీలో స్పైడర్ డ్రెస్ వేస్తే ఎరుపు దిగి తెల్లబట్టలు పాడవుతాయి. ఇల్లు వేలానికి వచ్చే స్థితిలో ఉన్న మే పిన్ని, పుట్టినరోజని 20 డాలర్ల నోటు బలవంతంగా చేతిలో పెడుతుంది. గది తలుపు తీస్తే చాలు, ఓనర్ అద్దె అడుగుతూ ఎదురవుతాడు.

ఇదే సినిమాలో రైలు ఫైటు ఉంది, విజువల్ ఎఫెక్ట్స్‌కు వచ్చిన ఆస్కార్ ఉంది. డాక్టర్ ఆక్టోపస్‌గా ఆల్‌ఫ్రెడ్ మొలీనా ఉన్నాడు. అయినా మా టేబుల్ దగ్గర ప్రతిసారీ వచ్చేది కేకు సీను. పీటర్ అన్నీ పోగొట్టుకుని గదిలో కూర్చుని ఉంటాడు. ఓనర్ కూతురు మెల్లగా తలుపు తట్టి, చాక్లెట్ కేకు ముక్క తింటావా అని అడుగుతుంది. గ్లాసుతో పాలు కూడా తెస్తుంది. ఇద్దరూ దాదాపు ఏమీ మాట్లాడుకోరు. కథ ఒక్క అంగుళం కదలదు. ఇప్పటి నిర్మాతలైతే ఎడిటింగ్‌లో మొదట లేపేసేది ఆ సీన్నే అని నా అనుమానం. బెంగళూరులో కొత్తగా దిగి, పది నెలల అద్దె అడ్వాన్స్‌గా కట్టి, చేతిలో చిల్లర మిగిలిన మొదటి నెలలో పక్కగది వాళ్లు గిన్నెతో సాంబారు ఇస్తే ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు మాత్రం ఆ సీను మరిచిపోరు.

2007లో మూడో భాగం వచ్చింది. రైమీ తీసిన మూడింటిలో ఎక్కువ వసూలు చేసింది అదే, సుమారు 89 కోట్ల డాలర్లు. ఎక్కువ తిట్లు తిన్నదీ అదే. శాండ్‌మ్యాన్, వెనమ్, హ్యారీ అని ముగ్గురు విలన్లను ఒక్క బండిలో ఎక్కించారు. వెనమ్ మీద రైమీకి మొదట్లో మనసు లేదు, నిర్మాత అవి అరాద్ పట్టుబట్టి పెట్టించాడు. నన్నడిగితే అసలు కథ శాండ్‌మ్యాన్‌ది. జబ్బుపడ్డ కూతురి వైద్యానికి డబ్బుల్లేక దొంగతనానికి దిగిన మనిషి. ఇసుక రేణువుల్లోంచి లేచి, కూతురి ఫొటో ఉన్న లాకెట్ అందుకోబోతే చెయ్యి రాలిపోతుంది. మాట లేకుండా నడిచే సీను. ఆసుపత్రి బిల్లుకు భయపడని ఇల్లు మన దగ్గర ఎక్కడుంది? ఆ ఒక్క దారం పట్టుకుని వెళ్లుంటే చాలు. వెళ్లలేదు. ఆ సినిమాలో ఇప్పటికీ జనం నోళ్లలో నానుతున్నది కూడా అద్దె సీనే. ‘తలుపు బాగుచేయిస్తేనే అద్దె’ అని పీటర్ ఓనర్ మీద అరుస్తాడే, ఆ మీమ్.

కాకినాడవాడి కేసు కొంచెం జాగ్రత్తగా వినాలి. గార్‌ఫీల్డ్ మంచి నటుడు, గ్వెన్‌తో ప్రేమకథ ఈ సిరీస్ మొత్తంలో మేలైనది. అక్కడిదాకా ఒప్పుకుంటాను. కానీ అతను చేసిన వాటిలో 2014 నాటి రెండో భాగంలో పీటర్ తండ్రి దాచిన వీడియో ఒకటి బయటపడుతుంది. ప్రయోగశాలలోని సాలీళ్లలో ఉన్నది ఆయన డీఎన్‌ఏనే, కాబట్టి ఆ శక్తి ఆయన రక్తం పంచుకున్నవాడికే పనిచేస్తుందని దాని సారాంశం. తొడకొట్టి వంశం పేరు చెప్పే హీరోలకు ఈలలేసి పెరిగినవాళ్లం మనం. రక్తం, బ్లడ్డు అంటే మనకు కొత్త కాదు. అలాంటి మనకే అది మింగుడు పడలేదంటే చూడండి. దారినపోయే ఎవణ్ని కుట్టినా కుట్టి ఉండొచ్చు, వీణ్ని కుట్టింది అన్నదే ఈ పాత్రకు ప్రాణం. దాన్ని తీసి వారసత్వం పెట్టారు. పైగా ఆ సినిమా ఇంకా విడుదల కాకముందే, 2013 డిసెంబర్‌లోనే, సోనీ వాళ్లు వెనమ్‌తో, సినిస్టర్ సిక్స్ అనే విలన్ల ముఠాతో వేరే సినిమాలు ప్రకటించేశారు. పునాది ఆరకముందే పై అంతస్తులు అమ్మకానికి పెట్టారన్నమాట. (మొదటి భాగంలో మన ఇర్ఫాన్ ఖాన్‌ను తెచ్చి, సగంలో ఎక్కడ వదిలేశారో ఇప్పటికీ అర్థం కాదు. ‘సైనికుడు’లో మనవాళ్లు అంతకంటే బాగా వాడుకున్నారు.)

హాలండ్ పీటర్‌తో నాకున్న పేచీ మీరు ఊహించే ఉంటారు. వాడికి కోటీశ్వరుడి అండ ఉంది. సూటు ఐరన్‌మ్యాన్ టోనీ స్టార్క్ ఇస్తాడు, అందులో కృత్రిమ మేధ, వందల రకాల గూళ్లు. 2017 నాటి ‘హోమ్‌కమింగ్’లో డబ్బు కష్టం హీరోకు కాకుండా విలన్‌కు వెళ్లిపోయింది. శిథిలాలు ఎత్తే కాంట్రాక్టు కోసం ఆ విలన్ టూమ్స్ (మైఖేల్ కీటన్) లారీలు కొని, మనుషుల్ని పెట్టుకుంటాడు. ప్రభుత్వం, స్టార్క్ కలిసి నడిపే సంస్థ వచ్చి రాత్రికి రాత్రి పని లాగేసుకుంటుంది. ఊళ్లో బిల్లులు రాక వడ్డీలు కట్టే చిన్న కాంట్రాక్టర్లు గుర్తొచ్చారు నాకు. కారులో పీటర్ ఎవరో టూమ్స్‌కు వెలుగుతున్న క్షణాన సిగ్నల్ పచ్చగా మారి, ఆ పచ్చ వెలుగు మైఖేల్ కీటన్ మొహం మీద పడుతుంది. సినిమాలో నాకు చెమటపట్టిన చోటు అదొక్కటే.

‘మీకు కష్టాలు చూస్తేనే సినిమా చూసినట్టుంటాదన్నా’ అన్నాడు అనంతపురం కుర్రాడు. గట్టి దెబ్బే. వాడి దగ్గర ‘నో వే హోమ్’ అనే ఆయుధం ఉంది. అమెరికా కంటే ఒకరోజు ముందే, 2021 డిసెంబర్ 16 గురువారం ఇక్కడ విడుదలైంది. మర్నాడే ‘పుష్ప’. రెండు రోజులు వరుసగా ఆఫీసుకు ఏం అబద్ధం చెప్పాలన్నది ఆ వారం బెంగళూరు తెలుగువాళ్ల టెన్షన్. ముగ్గురు స్పైడర్‌మ్యాన్లు ఒకే తెర మీదికి వచ్చినప్పుడు హాల్లో డైలాగు ఒక్కటీ వినపడలేదని వాడంటాడు. నేనూ ఆ హాల్లోనే ఉన్నాను, నేనూ అరిచాను. ప్రపంచమంతా కలిపి 190 కోట్ల డాలర్ల దాకా వచ్చాయి.

అయితే ఆ గోలంతా ఎక్కడ మొదలైందో చూడండి. ఎంఐటీలో సీటు రాలేదు. స్నేహితులకూ రాలేదు. కాలేజీకి ఫోన్ చేసి బతిమాలుకోకుండా నేరుగా మాంత్రికుడి దగ్గరికి సిఫారసుకు వెళ్లాడు. ఇంతకంటే తెలుగింటి కథ ఏముంటుంది? చివర్లో లోకమంతా వాణ్ని మరిచిపోతుంది. ఖాళీ గది, అట్టపెట్టెలు, కుట్టుమిషను. ఒకటో తారీఖుకల్లా అద్దె కట్టాలని ఓనర్ చెప్పి వెళ్తాడు. సూటు తనే కుట్టుకుంటాడు. మర్నాడు చూసిన పుష్పరాజ్ కూలీగా మొదలై సిండికేట్ దాకా ఎక్కాడు. పీటర్ స్టార్క్ అండ నుంచి అద్దెగది దాకా దిగాడు. మూడు సినిమాల తర్వాత హాలండ్ నాకు స్పైడర్‌మ్యాన్‌లా కనిపించింది ఆ గదిలోనే.

మైల్స్ మొరాలెస్ అనే మరో కుర్ర స్పైడర్‌మ్యాన్ ముందు నా అద్దె సూత్రం కాస్త తడబడుతుంది. వాడి కథ చెప్పే 2018 నాటి యానిమేషన్ సినిమా ‘ఇంటూ ది స్పైడర్‌వర్స్’ ఈ మొత్తంలో అన్నిటికంటే మంచి సినిమా అని నా నమ్మకం. మైల్స్‌కు అద్దె బాధ లేదు, హాస్టల్ బాధ ఉంది. పోలీసు కారులో స్కూలు దగ్గర దింపిన నాన్న, ‘ఐ లవ్యూ డాడ్’ అనేదాకా మైకులో వదలడు. రెసిడెన్షియల్ కాలేజీ గేటు దగ్గర స్టీలు ట్రంకుపెట్టెతో నిలబడ్డవాళ్లెవరికైనా ఆ సిగ్గు తెలుసు.

స్పైడర్‌మ్యాన్ లేకుండా సోనీ తీసిన చుట్టపక్కాల సినిమాల గురించి ఎక్కువ చెప్పను. ‘వెనమ్’ ఆడింది, ఒప్పుకోవాలి. ‘మోర్బియస్’ పోయింది. దాని మీద జనం వేసిన మీమ్స్‌ను ప్రేమ అనుకున్నారో ఏమో, 2022 జూన్‌లో అమెరికాలో వెయ్యికి పైగా థియేటర్లలో మళ్లీ వేశారు. మళ్లీ పోయింది.

మొన్న అనంతపురం కుర్రాడు ఇల్లు మారాడు. పెయింటింగ్ ఖర్చని ఓనర్ అడ్వాన్స్‌లోంచి ఒక నెల అద్దె కోసేశాడు. రాత్రి పదకొండింటికి మా వాట్సాప్ గ్రూపులో వాడి నుంచి ఒక వీడియో ముక్క వచ్చింది. చూస్తే, ‘స్పైడర్‌మ్యాన్ 3’లో టోబీ తలుపు మీద అరిచే సీను. కింద ఒక్క మాట కూడా రాయలేదు. నెల్లూరు మిత్రుడు బదులుగా చాక్లెట్ కేకు బొమ్మ పెట్టాడు.