లుకప్ దొరకకపోతే సర్వర్‌ను తీసేయమనే సలహాకు ఖండన

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇంజనీరింగు, ఎంసీఏ చదివే పిల్లల ఫోన్లలో ఒక సలహా చాలాకాలంగా తిరుగుతోంది. సర్వర్‌లో నడిచే జావా ప్రోగ్రాం భాగమైన ఎంటర్‌ప్రైజ్ జావా బీన్‌ను, అంటే వాడుకలో ఈజేబీ అనే దాన్ని, మొదటిసారి రాసి సర్వర్‌లో పెట్టినవారికి క్లయింటు ప్రోగ్రాం నుంచి ఆ బీన్ దొరకకపోతే ఏం చేయాలో అందులో చెప్పారు. దాని సారాంశం ఇది: లుకప్, అంటే పేరు చెప్పి బీన్‌ను వెతకడం, విఫలమైతే సర్వర్ పాడైనట్టే, తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి; సలహాకు జతచేసిన జేఎన్‌డీఐ (పేర్లతో వెతికే జావా ఏర్పాటు) ఫైలు ఏ సర్వర్‌కైనా సరిపోతుంది; ఇంటర్‌ఫేసును, అంటే బీన్ చేసే పనుల జాబితాను, క్లయింటు ప్రాజెక్టులో మళ్లీ టైపు చేసుకుంటే చాలు; అప్పటికీ రాకపోతే ఫైర్‌వాల్ ఆపేయాలి; అదీ ఫలించకపోతే వదిలేయాలి, ఈజేబీ ఎలాగూ చచ్చిపోయిన విద్య. విజయనగరంలో జావా నేర్పుతున్న నా దగ్గరకు ఈ సలహా పాటించి విసిగిపోయిన పిల్లలు "మాస్టారూ, అన్నీ చేశామండి, అయినా రాలేదు" అంటూ వస్తున్నారు. అందుకే ఒక్కొక్క మాటకూ సమాధానం రాయవలసి వచ్చింది.

సర్వర్ పాడైందన్న మొదటి మాటే అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తోంది. క్లయింటు తెరమీద వచ్చే ఎర్రర్లన్నీ ఒకటి కావు. "నో ఇనీషియల్ కాంటెక్స్ట్" అని వస్తే మీ ప్రోగ్రాం ఇంకా గడప దాటలేదని అర్థం. ఏ సర్వర్‌తో ఎలా మాట్లాడాలో దానికి చెప్పలేదు, లేదా ఆ సర్వర్ తాలూకు క్లయింటు జార్ ఫైలు (జావా క్లాసుల కట్ట) క్లాస్‌పాత్‌లో, అంటే జావా క్లాసులను వెతికే చోట్ల జాబితాలో, లేదు. "కమ్యూనికేషన్ ఎక్సెప్షన్" వచ్చినా, "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అన్నా, బయలుదేరింది గాని చేరలేదు. సర్వర్ నడుస్తోందా, పోర్టు సరైనదేనా అని చూడాలి. ఇక అందరినీ భయపెట్టే "నేమ్ నాట్ ఫౌండ్" అనేది నిజానికి మూడింటిలోనూ శుభవార్త. క్లయింటు సర్వర్ దాకా వెళ్లింది, పేర్ల పట్టికను అడిగింది, ఆ పేరుతో తన దగ్గర ఏమీ లేదని సర్వర్ జవాబిచ్చింది. జవాబిచ్చిన సర్వర్‌ను పాడైందని ఎలా అంటాం? శ్రీకాకుళం పట్టణమంతా తిరిగి రైల్వే స్టేషను కనబడలేదని ఎవరైనా అంటే స్టేషను లేదని మనం అనుకోము. శ్రీకాకుళం రోడ్ అనే పేరుతో అది ఆమదాలవలసలో ఉందని చెప్పి పంపిస్తాం. ఇక్కడ జరగవలసిందీ అంతే: బీన్ ఏ పేరుతో ఎక్కడ నమోదైందో చూసుకోవాలి.

ఆ పేరును ఊహించనక్కరలేదు. వైల్డ్‌ఫ్లై సర్వర్ అయితే బీన్‌ను డిప్లాయ్ చేసిన (సర్వర్‌లో పెట్టిన) వెంటనే దాని జేఎన్‌డీఐ పేర్లన్నిటినీ కన్సోల్‌లో వరసగా అచ్చువేస్తుంది. ఆ వరసలు చదవకుండా సర్వర్‌ను తీసేయడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. చీపురుపల్లి నుంచి రోజూ రైల్లో వచ్చి చదువుకునే ఒక అమ్మాయి ఈ సలహా ప్రకారం రెండుసార్లు సర్వర్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, మూడోసారికి ముందు ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. కన్సోల్‌ను పైకి జరిపి చూశాము. "జావా:గ్లోబల్" అని మొదలయ్యే వరస ఉంది, "జావా:యాప్", "జావా:మాడ్యూల్" అనేవీ ఉన్నాయి. "జావా:జేబాస్/ఎక్స్‌పోర్టెడ్" అని మొదలయ్యే వరస మాత్రం లేదు. వైల్డ్‌ఫ్లైలో బయటి క్లయింటుకు పేర్ల పట్టికలో కనబడేది ఆ ఎక్స్‌పోర్టెడ్ భాగం ఒక్కటే. ఆమె ఇంటర్‌ఫేసును తెరిచి చూస్తే పైన "రిమోట్" అనే అనొటేషన్, అంటే @ గుర్తుతో పెట్టే సూచన, లేదు. అది లేనప్పుడు ఇంటర్‌ఫేసు లోకల్ కిందికే, అంటే సర్వర్ లోపలి వాడకానికే, వస్తుందని ఈజేబీ నిబంధనే చెబుతోంది కాబట్టి, సర్వర్ చేసినది అక్షరాలా సరైన పని. ఆ ఒక్క అనొటేషన్ చేర్చి మళ్లీ డిప్లాయ్ చేయగానే ఎక్స్‌పోర్టెడ్ వరస కనబడింది. ఆ వరసలో "ఎక్స్‌పోర్టెడ్/" తరువాత ఉన్న భాగాన్ని ఆశ్చర్యార్థకం గుర్తుతో, దాని వెనకున్న ప్యాకేజీ పేరుతో సహా ఉన్నదున్నట్టు క్లయింటులో పెట్టింది, పలకరింపు వాక్యం తెరమీదికి వచ్చింది.

కొన్నిసార్లు కన్సోల్‌లో ఏ పేరూ ఉండదు, డిప్లాయ్ మాత్రం ఏ ఎర్రరూ లేకుండా పూర్తవుతుంది. మొదటిసారి రాసేవారిని అన్నిటికంటే అయోమయంలో పడేసేది ఇదే, కారణం చాలాసార్లు ఇంపోర్టు వరసలో ఉంటుంది. జావా ఈఈ అనే ప్రమాణానికి కొత్త పేరైన జకార్తా ఈఈలో 2020 డిసెంబరులో వచ్చిన 9వ వెర్షన్‌తో ప్యాకేజీల పేర్లు "జావాఎక్స్" నుంచి "జకార్తా"కు మారాయి. 2022లో వచ్చిన వైల్డ్‌ఫ్లై 27 మొదలుకొని ఆ సర్వర్ కొత్త పేర్లనే గుర్తిస్తుంది. పాత పుస్తకంలో చూసి "జావాఎక్స్" ప్యాకేజీలోని స్టేట్‌లెస్ అనొటేషన్ పెడితే, కొత్త సర్వర్ కంటికి అది బీన్ కాదు, మామూలు క్లాసు. సర్వర్‌ను పదిసార్లు మార్చినా ఆ ఇంపోర్టు మారదు.

రెండో మాట, ఒకే జేఎన్‌డీఐ ఫైలు అన్నిటికీ సరిపోతుందన్నది. ఇందులో సగం సత్యం లేకపోలేదు. 2009లో వచ్చిన ఈజేబీ 3.1 "జావా:గ్లోబల్"తో మొదలయ్యే పేరును ఎలా కట్టాలో అన్ని సర్వర్లకూ ఒకే తీరుగా నిర్ణయించింది. అయితే అది నిర్ణయించింది పేరునే. క్లయింటు ఏ ఫ్యాక్టరీ క్లాసును వాడాలి, ఏ చిరునామాకు వెళ్లాలి అన్నవి సర్వర్ తయారుచేసినవారి ఇష్టానికే వదిలింది. వైల్డ్‌ఫ్లైకి మామూలుగా 8080 పోర్టు ద్వారా వెళ్తాం, గ్లాస్‌ఫిష్‌కు 3700, వెబ్‌లాజిక్‌కు 7001. ఫోన్లలో తిరుగుతున్న ఫైలులో ఉన్నది 1099. అది వైల్డ్‌ఫ్లైకి పాత పేరైన జేబాస్ 4, 5 నాటి అమరిక. దానితో పాటు ఇచ్చిన క్లయింటు కోడులో "పోర్టబుల్ రిమోట్ ఆబ్జెక్ట్" అనే క్లాసును వాడారు; 2018లో వచ్చిన జావా 11లో ఆ క్లాసే లేదు, కాబట్టి ఆ కోడు కంపైలు కూడా కాదు. గ్లాస్‌ఫిష్ వాడేవారు మరొకటి గమనించాలి: దాని క్లయింటు జార్ తనలో అన్నీ దాచుకున్న ఫైలు కాదు, పక్కన ఉన్న ఇతర జార్లను చూపిస్తుంది. దాన్ని ఒక్కదాన్నే కాపీ చేసి ప్రాజెక్టులో వేసుకుంటే ఆ దారులన్నీ తెగిపోతాయి. సర్వర్ ఫోల్డరులో ఉన్నచోటనే ఉంచి క్లాస్‌పాత్‌లో చూపాలి.

వైల్డ్‌ఫ్లైలో "ఈజేబీ:" అని మొదలయ్యే పేరుతో వెతికేవారికి ఒక హెచ్చరిక చేయాలి. ఆ పద్ధతిలో లుకప్ వరస సర్వర్‌ను అడగకుండానే క్లయింటు దగ్గర ఒక ప్రతినిధి వస్తువును తయారుచేసి ఇస్తుంది. పేరు తప్పైనా లుకప్ గట్టెక్కుతుంది, మొదటి మెథడ్‌ను పిలిచినప్పుడు గాని తప్పు బయటపడదు. కాబట్టి ఎర్రర్ ఏ వరసలో వచ్చిందో చూసి లుకప్ బాగానే ఉందని తీర్మానించుకోకూడదు.

ఇంటర్‌ఫేసును మళ్లీ టైపు చేసుకోమనడం పైకి తేలికగా కనబడే తప్పు. జావాకు క్లాసు అంటే ప్యాకేజీతో కలిపిన పూర్తి పేరు. ఉత్తరాంధ్రలో కొత్తవలసలు చాలా ఉన్నాయి, మండలం చెప్పకపోతే ఏ కొత్తవలసో తెలియదు. ప్యాకేజీ మారిన ఇంటర్‌ఫేసు సంగతీ అదే. అది వేరే ఇంటర్‌ఫేసు అయిపోతుంది, లుకప్ పేరులోని చివరి భాగం కలవదు, లేదా క్లాస్ కాస్ట్ ఎక్సెప్షన్ వస్తుంది. ప్యాకేజీని కూడా సరిగ్గా దించుకున్నవారికి ఆరోజుకు పని జరగవచ్చు. వారం తరువాత సర్వర్ వైపు డేటా క్లాసులో ఒక ఫీల్డు చేర్చి, క్లయింటు వైపు మరచిపోతే, క్లాసు రూపాన్ని గుర్తించే సీరియల్ వెర్షన్ సంఖ్య తాము ఇవ్వనందువల్ల రెండు వైపులా వేర్వేరు సంఖ్యలు లెక్కకు వచ్చి "ఇన్‌వాలిడ్ క్లాస్" అని ఆగిపోతుంది. ఇంటర్‌ఫేసునూ డేటా క్లాసులనూ విడిగా ఒక చిన్న జార్‌గా కట్టి, బీన్ ప్రాజెక్టుకూ క్లయింటు ప్రాజెక్టుకూ దాన్నే ఇవ్వడం సరైన దారి. దానికి పట్టేది పది నిమిషాలు.

ఫైర్‌వాల్ మాట గురించి ఎక్కువ రాయనక్కరలేదు. సర్వరూ క్లయింటూ ఒకే ల్యాప్‌టాప్‌లో ఉన్నప్పుడు ఫైర్‌వాల్ అడ్డుపడే అవకాశం దాదాపు లేదు. ల్యాబులో రెండు యంత్రాల మధ్య పని జరగకపోతే ముందు చూడవలసింది వేరే ఉంది: వైల్డ్‌ఫ్లైని మామూలుగా మొదలుపెడితే 127.0.0.1 అనే సొంత చిరునామా మీదనే వింటుంది, పక్క యంత్రం పిలుపు దానికి వినబడదు. మొదలుపెట్టేటప్పుడు అది వినవలసిన (బైండ్) చిరునామా ఇచ్చి, తరువాతా రాకపోతే ఆ ఒక్క పోర్టుకు మాత్రం అనుమతి ఇవ్వాలి. పదిమంది వాడే ల్యాబు యంత్రానికి ఫైర్‌వాల్ మొత్తం ఆపమని పిల్లలకు చెప్పడం తప్పు.

చివరిది, ఈజేబీ చచ్చిపోయిందన్న మాట. దూరపు క్లయింటు నుంచి లుకప్ చేసే పద్ధతి తగ్గిందని, ఆ పనికి ఇప్పుడు చాలామంది రెస్ట్ సర్వీసులు రాస్తున్నారని నేనూ ఒప్పుకుంటాను. బీన్‌నూ దాన్ని పిలిచే సర్వ్‌లెట్‌నూ ఒకే అప్లికేషన్‌లో పెట్టినవారికైతే అసలు లుకప్పే అక్కరలేదు, ఫీల్డు మీద ఒక అనొటేషన్ పెడితే సర్వరే బీన్‌ను తెచ్చి అందిస్తుంది. ఈ ఒక్క వాక్యం ఆ సలహాలో ఉండి ఉంటే సగంమంది కష్టం తప్పేది. ఈజేబీ 2.ఎక్స్ కాలపు ఎంటిటీ బీన్లు (డేటాబేసు వరసలకు ప్రతిరూపాలు) 2013 నాటి జావా ఈఈ 7లోనే ఐచ్ఛికమయ్యాయి. పనులు చేసిపెట్టే సెషన్ బీన్లు మాత్రం జకార్తా ఎంటర్‌ప్రైజ్ బీన్స్ అనే పేరుతో నేటికీ ఆ ప్రమాణంలో ఉన్నాయి, ఆ అమ్మాయి రాసినదీ అటువంటి సెషన్ బీనే.