కాలితో పెట్టుకునే అర్జీ

సామాన్యుడు నోరు మెదపకుండా ఆజ్ఞ జారీ చేయగలిగిన చోటు లోకంలో ఒక్కటే మిగిలి ఉందని, అది కారులో కుడికాలి కింద ఉండే యాక్సిలరేటరు పెడల్ అని నేను పాతికేళ్లపాటు మనస్ఫూర్తిగా నమ్మాను. ఇంట్లో నా మాట ఎంత చెల్లుతుందో ఇంట్లోవాళ్లకు తెలుసు, ఆఫీసులో ఎంత చెల్లుతుందో అటెండరుకు తెలుసు. కానీ కారెక్కి కాలు కిందికి నొక్కితే ఇంజిన్ మాత్రం మారు మాట్లాడకుండా లేచి నిలబడేది. నిరుడు లీటరున్నర టర్బో ఇంజిన్, నూట యాభైకి పైగా గుర్రాల బలం ఉన్న కారు కొన్న తరువాత ఆ నమ్మకం కూడా పోయింది. నేను ఇప్పుడు తొక్కుతున్నది ఆజ్ఞ కాదని, అర్జీ అని, దాని మీద తగిన విచారణ జరిపి, ఇతర శాఖల అభ్యంతరాలు పరిశీలించి, వీలును బట్టి మంజూరు చేస్తారని గ్రహించడానికి నాకు సుమారు మూడు నెలలు పట్టింది.

అంతకుముందు నా దగ్గర ఉన్నది కార్బురేటర్ కాలపు మారుతి 800. దాని పరిపాలనా విధానం చాలా సరళమైనది. పెడల్‌కు ఒక తీగ, ఆ తీగ అవతలి కొసన గాలిని లోపలికి వదిలే చిన్న రేకు తలుపు. కాలు ఎంత దిగితే తలుపు అంత తెరుచుకునేది. మధ్యలో దళారులు లేరు. తీగ సాగిందనిపిస్తే మా విశాఖ కంచరపాలెంలో ఒక మెకానిక్ పానాతో నట్టు అటొక చుట్టూ ఇటొక చుట్టూ తిప్పి, రెండు చుక్కల నూనె వేసి, టీ డబ్బులు పుచ్చుకుని పంపేవాడు. కొత్త కారు కొన్న వారంలోనే అలవాటు చొప్పున అతని దగ్గరికే తీసుకెళ్లి, తొక్కితే ఆలస్యంగా కదులుతోంది, కాస్త బిగించమన్నాను. అతను బానెట్ ఎత్తి చాలాసేపు లోపలికి చూసి, నా మొహంలోకీ చూసి, "ఏటి బాబూ, బిగించడానికి తీగేదీ?" అన్నాడు. అతని గొంతులో వినిపించినది వెటకారం కాదు, పరామర్శ.

తీగ స్థానంలో వచ్చిన కార్యాలయాన్ని ఇక్కడ కొంత వివరించక తప్పదు. పెడల్ దగ్గర ఇద్దరు గుమస్తాలుంటారు, వారిని సెన్సర్లంటారు. కాలు ఎంత దిగిందో ఇద్దరూ వేరువేరుగా, వోల్టేజీ రూపంలో, నమోదు చేస్తారు. చాలా కార్లలో ఒకరు రాసిన అంకెలో సగం మరొకరు రాయాలన్నది నియమం. ఆ లెక్క కుదరకపోతే ఇద్దరినీ నమ్మకుండా, డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగించి, కారును కుంటినడకకు దించుతారు. లెక్క కుదిరితే ఫైలు ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు) అనే అధికారి బల్ల మీదికి చేరుతుంది. ఆ అధికారి నా కాలిని కాలుగా చూడడు. ఈ మనిషికి ఎంత టార్క్, అంటే చక్రాలను తిప్పే బలం, కావాలనిపిస్తోందో అంచనా వేసి, అది అతనికి ఇవ్వదగినదేనా అని ఆలోచిస్తాడు. ఏ గేరులో ఉన్నాడు, ఇంజిన్ వేడెక్కిందా, ఏసీ నడుస్తోందా, చక్రం జారుతోందా, గేర్‌బాక్స్ తట్టుకుంటుందా, పొగ నిబంధనలకు భంగం కలుగుతుందా అని అన్ని శాఖల అభిప్రాయం తీసుకుంటాడు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అనే కొత్త పొగ నిబంధనలు అమలులోకి వచ్చాక ఆ చివరి శాఖ మాటకు బలం మరీ పెరిగింది. ఇదంతా పూర్తయ్యాక ఒక చిన్న మోటారుకు ఆదేశం వెళ్తుంది; ఆ మోటారు రేకు తలుపును తెరుస్తుంది. న్యాయంగా చెప్పాలంటే ఆ మోటారు బద్ధకస్తుడేమీ కాదు, సెకనులో పదో వంతులో తలుపు బార్లా తీయగలడు. బంట్రోతు చురుకైనవాడే, తాత్సారమంతా సెక్షన్‌లో ఉంది. కాలు హఠాత్తుగా దిగితే కారు కుదుపు లేకుండా కదలాలని, గేర్లూ షాఫ్టులూ ఒక్కసారిగా దెబ్బ తినకూడదని, ఆ అధికారి మన కోరికను కావాలనే వడగట్టి, నెమ్మది చేసి, మర్యాదగా కిందికి పంపుతాడు.

ఇదేదో నిన్నగాక మొన్న పుట్టిన పద్ధతి కూడా కాదు. 1987లో బీఎమ్‌డబ్ల్యూ తన పన్నెండు సిలిండర్ల 750లోనే ఈ తీగ లేని విధానాన్ని పెట్టింది. అంటే నేను 800 తీగకు నూనె వేయిస్తున్న రోజులకు ఎంతో ముందే ధనవంతులు అర్జీలు పెట్టుకోవడం మొదలుపెట్టారన్నమాట. ఆ మాట నాకు కొంత ఊరటనిచ్చింది.

ఇక టర్బో సంగతి. మంజూరైన దస్త్రాన్ని డబ్బు లేదని ఆపే ట్రెజరీ అది. 1905లో ఆల్‌ఫ్రెడ్ బ్యూకి అనే స్విస్ ఇంజినీరు పేటెంటు పొందిన ఊహ ఇది: ఇంజిన్ వదిలేసే పొగతో ఒక చక్రం తిప్పి, అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న మరో చక్రంతో గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి పంపడం. పొగ బాగా వస్తే గానీ చక్రం తిరగదు, చక్రం తిరిగితే గానీ గాలి రాదు, గాలి వస్తే గానీ పొగ రాదు. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదన్న సామెతను ఇనుముతో పోతపోసి బానెట్ కింద బిగించారు. ఆ చక్రం నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుందని చెబితే ఘనంగానే ఉంటుంది. సున్నా దగ్గర నుంచి లక్ష దాకా వెళ్లడానికి దారి ఖర్చులు ఎవరు పెట్టుకోవాలన్నదే ప్రశ్న. ఇంజిన్ నిమిషానికి రెండు వేల చుట్లు అందుకునే లోపు అది నిద్ర లేవదు. లేచాక, అంతదాకా మనకు ఇవ్వాల్సిన బకాయిలన్నీ ఒకేసారి, కరువు భత్యంతో సహా, చెల్లించేస్తుంది.

ఆ చెల్లింపు ఎలా ఉంటుందో నేను వెంకోజీపాలెం దాటాక చూశాను. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ఎదుట మురీ మిక్చర్ కట్టించుకుని ఎండాడలోని ఇంటికి వెళ్తున్నాం. పొట్లం మా ఆవిడ చేతిలో ఉంది. హనుమంతవాక జంక్షన్‌లో సిగ్నల్ పచ్చబడింది. తొక్కాను. ఏమీ జరగలేదు. పక్కనున్న షేరాటో పదిమంది జనంతో, వెనక వేలాడుతున్న పదకొండోవాడితో సహా, నన్ను దాటి వెళ్లింది. ఆ పదకొండో మనిషి నా వంక చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తుంది. అర్జీ పోయిందేమోనని మరింత గట్టిగా ఇంకొకటి పెట్టాను. నేను చేసిన తప్పు అదే. మొదటి అర్జీ అప్పటికే మంజూరై దారిలో ఉంది. రెండూ కలిసి, టర్బో బకాయిలతో సహా, ఒకేసారి అందాయి. సరిగ్గా అదే క్షణంలో ఆ ఆటో ప్రయాణికుణ్ని ఎక్కించుకోవడానికి నడిరోడ్డు మీద ఆగింది. బ్రేకు మీద నిలబడ్డాను. ఆటోకు జానెడు దూరంలో కారు ఆగింది గానీ మురీలు ఆగలేదు. అద్దం మీద, స్టీరింగ్ మీద, నా చొక్కా జేబులో మరమరాలు. ఏసీ గాలి వచ్చే జల్లెడలో ఒక మామిడికాయ ముక్క నిటారుగా దిగబడి ఉంది. మా ఆవిడ ఖాళీ పొట్లాన్ని మడత పెడుతూ, "ఏమండీ, వెళ్తే వెళ్లండి, లేకపోతే ఆగండి. రెండూ ఒకేసారి ఎందుకు?" అంది. షోరూమ్‌లో సర్వీసు అడ్వైజరుకు ఇదంతా పూసగుచ్చినట్టు చెబితే, అతను కంప్యూటరు తగిలించి చూసి, తప్పేమీ లేదు, "ఇది ఈ బండి క్యారెక్టరిస్టిక్ సార్" అన్నాడు. మామిడికాయ వాసన నెలరోజులుంది.

మా పై వాటాలో ఉండే మామయ్యగారు ఓడల్లో ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన ఈ ఉదంతం విని, "నీది పెడల్ కాదయ్యా, టెలిగ్రాఫు" అన్నారు. పాత ఓడల్లో పైన కెప్టెన్ ఒక పిడిని 'సగం వేగం' గుర్తు దగ్గరికి తిప్పితే కింద ఇంజిన్ గదిలో గంట మోగేదట. కిందివాళ్లు తమ పిడిని అదే గుర్తు దగ్గరికి తిప్పి, మాట అందిందని తెలిపేవారట. ఆ తరువాతే మరలు కదిలేవి. "మాకు కనీసం జవాబుగంట మోగేది. నీకు అదీ లేదు" అని జాలిపడ్డారు. విశాఖ రేవులో అంత పెద్ద ఓడలను కదిలించిన మనిషి నా ఎర్ర కారును చూసి జాలిపడటం నాకు అంత సులువుగా మింగుడు పడలేదు.

మేనల్లుడు మాత్రం పరిష్కారం తెచ్చాడు. పెడల్‌కూ ఈసీయూకూ మధ్య తగిలించే చిన్న డబ్బా ఒకటి దొరుకుతుందట, అది పెడితే కారు పులి అయిపోతుందట. నేను విచారించి తెలుసుకున్నదేమిటంటే, అది ఇంజిన్‌కు ఒక్క గుర్రాన్ని కూడా అదనంగా ఇవ్వదు. నేను మెల్లగా అడిగినదాన్ని గట్టిగా అరిచి అడిగినట్టు తిరగరాసి పై అధికారికి పంపుతుంది. చివరిదాకా తొక్కితే డబ్బా ఉన్నా లేకున్నా ఫలితం ఒక్కటే. అర్జీలు రాసిపెట్టేవాళ్లు ప్రతి ఆఫీసు బయటా చెట్టు కింద కూర్చుని ఉంటారు, కారులో కూడా ఒకణ్ని కూర్చోబెట్టనక్కర్లేదని వద్దన్నాను. నా కారులో అప్పటికే ఉన్న స్పోర్ట్ మోడ్ చేసేదీ చాలావరకు అదే. సింహాచలం అప్పన్న నిజరూపం వైశాఖ శుద్ధ తదియ నాడు, ఏడాదికి ఒక్కసారే, చందనం ఒలిచాక దర్శనమిస్తుంది. స్వామితో ఇంజిన్‌ను పోల్చే పాపం నేను చేయను గానీ, ఆ మీట నొక్కినప్పుడు మీద పూసిన సాఫ్ట్‌వేరు పూత కొంత పల్చబడిన మాట నిజం. సిటీ ట్రాఫిక్‌లో ఆ దర్శనం మంచిది కాదు.

అక్టోబరు వానలో ఒక కొండవాలు మలుపులో చక్రం జారబోతే ఇదే అధికారి నా అర్జీని అక్కడికక్కడే తిరస్కరించి, నన్ను రోడ్డు మీదే ఉంచాడు. ఆ సంగతి ఈ వ్యాసం వాదనకు పనికిరాదు కనుక ఇంతటితో వదిలేస్తున్నాను.

మరి ఎలా సర్దుకున్నానంటే, ముందుగా అర్జీ మీద అర్జీ పెట్టడం మానేశాను. కాలు ఒక చోట ఉంచి, మనసులో 'నారాయణ' అనుకునేంతసేపు ఓపిక పడితే బండి దానంతటదే లేస్తుంది. ఓవర్‌టేక్ చేయదలచుకుంటే లారీ పక్కకు వెళ్లాక కాదు, వెనక ఉన్నప్పుడే ఒక గేరు దించి, టర్బోను మేలుకొలిపి ఉంచాలి. కాలు తీసేటప్పుడూ అంతే. గేరు మార్చడానికి పెడల్ వదిలినా ఇంజిన్ హోరు వెంటనే దిగదు, తలుపు దభాలున మూస్తే పొగ చెడుతుందని అధికారి మెల్లగా మూయిస్తాడు. అర్జీ ఉపసంహరణకు కూడా అర్జీ పెట్టాలన్నమాట. క్లచ్‌ను ఆ లెక్కన కాస్త నిదానంగా వదలడం నేర్చుకున్నాను. ఎడమకాలితో బ్రేకు, కుడికాలితో యాక్సిలరేటరు కలిపి తొక్కే విద్యను మేనల్లుడు భీమిలి రోడ్డులో ప్రదర్శించబోతే, రెండు పరస్పర విరుద్ధమైన దరఖాస్తులు ఒకే సంతకంతో వచ్చాయని గుర్తించి, ఈసీయూ ఇంజిన్ శక్తి కోసేసింది. బ్రేకుదే పై చేయి. కుర్రాడు రుషికొండ దాకా మాట్లాడలేదు.

మూడు నెలల్లో ఈ విద్య నా కాలికి ఎంతగా పట్టిందో పోయిన ఆదివారం తెలిసింది. గోపాలపట్నంలో మా బావమరిది ఇంటికి వెళ్లాం. అతనికి ఇప్పటికీ పాత 800 ఉంది, తీగతో సహా. గేటుకు అడ్డంగా ఉంది, కాస్త జరుపు బావా అని తాళాలిచ్చాడు. ఎక్కి, గేరు వేసి, ఇప్పుడు అడిగితే కాసేపటికి కదులుతుంది కదా అని అలవాటుగా ముందే తొక్కి, 'నా' అనుకున్నాను. 'రాయణ' అనుకునే లోపల కారు మెట్ల పక్కనున్న మందార కుండీని పడగొట్టి, దాని మీద ఆగింది. బావమరిది పరుగెత్తుకొచ్చి, "అదేంటి బావా, దారి చూసుకోకుండా ముందే తొక్కేశావ్?" అన్నాడు. అడిగిన వెంటనే మంజూరవుతుందని ఎవరనుకుంటారు?