డ్యూకుగారు కుర్చీలోనే పడుకున్నారు

హీరో మద్రాసులో నాలుగేళ్ళు ఒళ్ళు వంచి పనిచేసి, లక్షాధికారై ఇంగ్లండు తిరిగొచ్చాడట. నవలిక మొత్తంలో ఆ నాలుగేళ్ళకి దక్కింది ఈ ఒక్క వాక్యం. అతగాడు మెడకి చుట్టుకున్న తెల్లగుడ్డ ముడికి మాత్రం పేజీన్నర.

ఏ రకం పుస్తకాల గురించి మాట్లాడుతున్నానో ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. ఇంగ్లీషు చారిత్రక ప్రేమకథలు, అందులోనూ ‘క్లీన్’ అని ముందే హామీ ఇచ్చి అమ్మేవి. పడకగది గుమ్మం దాకా వచ్చి రచయిత్రి మర్యాదగా వెనక్కి తిరిగిపోతుంది. అమ్మ పక్కన కూర్చుని ఫోన్లో చదువుకున్నా టెన్షన్ లేదు. కూకట్‌పల్లిలో కుక్కర్ విజిల్స్ లెక్కపెడుతూ చదువుతున్నారు, డాలస్‌లో పిల్లల స్విమ్మింగ్ క్లాసు బయట కార్లో కూర్చునీ చదువుతున్నారు. నేనూ చదువుతాను, మానే ఉద్దేశం కూడా లేదు. కాబట్టి ఈ సాహిత్యం మీద నా గౌరవాన్ని ఎవరూ శంకించనక్కర్లేదు.

కాలం దాదాపు ఎప్పుడూ ఒక్కటే. 1811 నుంచి 1820 దాకా, మూడో జార్జి రాజుగారికి మతి తప్పి కొడుకు రీజెంటుగా, అంటే తండ్రి బదులు, పాలించిన ఆ తొమ్మిదేళ్ళు. అప్పట్లో రాజకుటుంబం వాళ్ళని పక్కనపెడితే బ్రిటన్ మొత్తమ్మీద డ్యూకులు, అంటే ప్రభువుల్లో అందరికన్నా పెద్ద హోదావాళ్ళు, ముప్పైమంది కూడా లేరు. వాళ్ళలోంచి ముసలివాళ్ళనీ, పెళ్ళయినవాళ్ళనీ, కీళ్ళనొప్పులతో కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నవాళ్ళనీ తీసేస్తే మిగిలేది ఎందరో మీరే ఊహించుకోండి. నవలికల్లో మాత్రం ముప్పై ఏళ్ళ, ఆరడుగుల, పెళ్ళికాని డ్యూకులు బెజవాడ బస్టాండు బయట ఆటోల్లా మూగుతారు. ఆ కాలంలోనే బతికి, ఆ మనుషుల మధ్యే టీ తాగిన నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్ తన హీరోల్లో ఒక్కడినీ డ్యూకుని చెయ్యలేదు. పాపం, ఆవిడకి మార్కెటింగ్ తెలియదు.

సీరీస్ అంటే అన్నదమ్ములు ఏడుగురు, తలా ఒక పుస్తకం. రెండో పుస్తకానికీ మూడోదానికీ మధ్య రెండున్నరో నంబరు నవలిక ఒకటి. అది విధవరాలైన మేనత్త ప్రేమకథ.

నాకు వీటన్నిటిలో ప్రాణం సత్రం సీను. ఎన్ని పుస్తకాల్లో వచ్చినా మళ్ళీ చదువుతాను. హీరోయిన్ చెల్లెలు ఎవడో తాగుబోతుతో గ్రెట్నా గ్రీన్‌కి లేచిపోతుంది. 1753 నాటి చట్టం పుణ్యమా అని ఇంగ్లండులో మైనర్లకి పెద్దల మాట కాదని పెళ్ళాడటం కష్టమైపోయింది. ఆ చట్టం స్కాట్లండుకి వర్తించదు, సరిహద్దు దాటగానే తగిలే ఊరు గ్రెట్నా, అక్కడ కమ్మరి దాగలి ముందు నిలబడి ఒప్పుకుంటే పెళ్ళయిపోయినట్టే. చెల్లెల్ని వెనక్కి తేవడానికి అక్క బయల్దేరుతుంది. లండన్ నుంచి మూడువందల మైళ్ళ పైచిలుకు దారి. తోడు ఎవరయ్యా అంటే, ఆమెకి కంటగింపుగా ఉన్న డ్యూకు. ఇరుసు విరుగుతుంది. విరిగిందాకా ఓపిక పట్టిన వాన అప్పుడు మొదలవుతుంది.

సత్రంలో ఒక్కటే గది ఖాళీ. ఎప్పుడూ ఒక్కటే. డ్యూకు కదిలితే వెంట కదలాల్సిన బంట్రోతులు, బట్టలు తొడిగే నౌకరు, రెండో బండి ఆ ఒక్క రాత్రి ఏ గంగలో కలిశారో మనం అడక్కూడదు. గదిలో ఒక మంచం, ఒక కుర్చీ.

“మీరు మంచం మీద పడుకోండి” అంటాడు డ్యూకు, గోడవైపు చూస్తూ.

“మరి మీరు?”

“నాకు కుర్చీ అలవాటే. సైన్యంలో పనిచేశాను.”

ఇక చూడండి. ఆరడుగుల మనిషి, మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా కుర్చీలో ముడుచుకుంటాడు. చొక్కా తడిసి ముద్దయింది. విప్పడానికి వీల్లేదు, విప్పితే పుస్తకం ఈ అరలోంచి ఇంకో అరలోకి పోతుంది, పాఠకులు ఒక్క స్టారు ఇచ్చి ‘పిల్లలున్న ఇల్లు మాది’ అని రాస్తారు. కాబట్టి తెల్లవార్లూ తడిచొక్కాతోనే కూర్చుంటాడు. మరి జ్వరం ఎవరికి రావాలి? పొడి దుప్పటి కప్పుకుని నిప్పుగూడు పక్కన పడుకున్న హీరోయిన్‌కి వస్తుంది. అర్ధరాత్రి ఆమె మూలుగుతుంది. డ్యూకు లేస్తాడు. నుదుటి మీద తడిగుడ్డ వెయ్యొచ్చా అని స్పృహలేని మనిషిని అడుగుతాడు. తర్వాత ఆమె చేతి తొడుగు తీస్తాడు, ఒక్కొక్క వేలే, మధ్యమధ్యలో ఆగి తన మనస్సాక్షితో సంప్రదింపులు జరుపుతూ. చిటికెన వేలి దగ్గర ఒక అధ్యాయం ముగుస్తుంది! మణికట్టు కనబడటానికి ఇంకో నాలుగు పేజీలు. కనబడ్డాక అతను కిటికీ దగ్గరికి పోయి వానకేసి చూస్తూ నిలబడతాడు, వాటర్లూ యుద్ధంలో తగిలిన గాయం సలుపుతుంటే. తెల్లారి తలుపు తీసిన సత్రం యజమానురాలికి కుర్చీలో వంకర తిరిగిపోయిన డ్యూకు కనిపిస్తాడు. అయినా ఊరంతా గుప్పుమంటుంది, పరువు పోతుంది, కాంటర్‌బరీ ఆర్చిబిషపు దగ్గర స్పెషల్ లైసెన్సు తెచ్చుకుని పెళ్ళి చేసుకోక తప్పదు. చెల్లెలు ఏమైందో రచయిత్రికి గుర్తుండదు.

ఈ నిగ్రహాన్ని నేను ఎగతాళి చెయ్యడం లేదు. ముద్దు ఆఖరి పేజీలో వచ్చినా, అసలు రాకపోయినా నాకు అభ్యంతరం లేదు. మన వీక్లీ సీరియళ్ళ హీరో కూడా ఆరడుగులే, హీరోయిన్ చెయ్యి పట్టుకోవడానికి ముప్పై వారాలు తీసుకున్నవాడే. కానీ ఆ మహానుభావుడికి ఒక ఫ్యాక్టరీ ఉండేది. అప్పుడప్పుడూ ఆఫీసుకెళ్ళి ఫైళ్ళ మీద సంతకాలు పెట్టేవాడు. పడవంత కారుకి పెట్రోలు డబ్బులు ఎక్కడివో లీలగానైనా తెలిసేది.

డ్యూకుగారి సంగతి అలా కాదు. ‘ఎస్టేటు వ్యవహారాలు చూసుకోవడానికి’ మూడో అధ్యాయంలో లైబ్రరీలోకి వెళ్ళి తలుపేసుకుంటాడు. ఆ తలుపు దగ్గర కూడా రచయిత్రి మర్యాదగా వెనక్కి తిరిగిపోతుంది.

1816 జూన్‌లో గడ్డి మీద పిక్నిక్కు పెట్టారు ఒక పుస్తకంలో. స్ట్రాబెర్రీలు, గొడుగులు, ఎండకి కమిలిన ముక్కులు. ముందు ఏడాది ఇండోనేసియాలో తంబోరా అగ్నిపర్వతం పేలి, ఆ బూడిద పుణ్యాన ఐరోపాకి 1816లో వేసవే రాలేదు. పంటలు పోయాయి, రొట్టె ధర మండిపోయింది. తిండి కోసం తిరగబడ్డ కూలీలు ఐదుగురిని సరిగ్గా ఆ జూన్‌లోనే ఈలీ పట్టణంలో ఉరితీశారు. స్ట్రాబెర్రీల్లోకి మీగడ సరిపోలేదని హీరోయిన్ తల్లి నొచ్చుకుంది.

సరే, అది వాళ్ళ దేశం, వాళ్ళ గోల. మద్రాసు మాటేమిటి? మణికట్టు తాకడానికి అంతసేపు అనుమతి అడిగిన మనిషి మద్రాసులో ఎవరినీ ఏమీ అడిగినట్టు లేదు. ఆ నాలుగేళ్ళూ వంచింది ఎవరి ఒళ్ళో నాకు తెలుసు, ఎందుకంటే వంగింది మావాళ్ళ ఒళ్ళు. ఉత్తర సర్కారులు అప్పటికే ఈస్టిండియా కంపెనీవి. 1800లో దత్తమండలాలూ దాని చేతికొచ్చాయి. గోదావరి సీమలోని ఇంజరంలోనూ మాధవాయిపాలెంలోనూ కంపెనీ గుమాస్తా బయానా ఇచ్చిన నేతగాడు ఆ బట్టని ఇంకొకరికి అమ్ముకోవడానికి లేదు. 1805లో ఉప్పు కూడా కంపెనీ గుత్తకి పోయింది. గంజిలో వేసుకునే ఉప్పండీ! హీరోగారు ఎపిలోగ్‌లో ముగ్గురు పిల్లలతో గులాబీలు కోసుకునే వయసుకి, 1832-33లో, గుంటూరు సీమని డొక్కల కరువు తినేసింది. బతికినవాళ్ళు పాతిపెట్టే ఓపిక లేక శవాల్ని దాటుకుంటూ వలసపోయారు. ఆ కరువులోనూ శిస్తు పుస్తకాలు మూతపడలేదు. ఇదా ఒళ్ళు వంచి పనిచెయ్యడం?

అదే 1833లో బ్రిటిష్ పార్లమెంటు తన వలసల్లో బానిసత్వం రద్దు చేస్తూ చట్టం చేసి, రెండుకోట్ల పౌండ్ల నష్టపరిహారం ప్రకటించింది. బానిసలకి కాదు, యజమానులకి. ఆ లెక్క కోసం చేసిన అప్పు 2015 దాకా తీరలేదు. అంటే ఈ నవలికలు రాసేవాళ్ళలో బ్రిటన్ వాళ్ళు కొందరు, పుస్తకాల మీద వచ్చిన డబ్బుకి కట్టిన పన్నుతో, తమ హీరోల కాలంనాటి బాకీ తీర్చారన్నమాట.

‘ఆ కాలం మనుషులకి ఇవన్నీ తెలియవు కదా, కథని కథలా చూడాలి’ అని సన్నాయినొక్కులు నొక్కేవాళ్ళుంటారు. తెలియకపోవడమేమిటి? 1814లో వచ్చిన ఆస్టెన్ నవల ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’లో కరీబియన్ దీవి ఆంటిగ్వాలోని ఆస్తుల నుంచి తిరిగొచ్చిన పెదనాన్నని హీరోయిన్ ఫానీ బానిస వ్యాపారం గురించి అడుగుతుంది. గదిలో ఎవరూ నోరు విప్పరు. ఆ మౌనాన్నైనా ఆవిడ కాగితం మీద పెట్టింది. అంతకుముందే, 1791 నుంచీ, బానిసలు పండించిన చక్కెర మాకొద్దని ఇంగ్లండు ఇల్లాళ్ళు వేలకొద్దీ ఇళ్ళల్లో మానేశారు. తర్వాత్తర్వాత టీ బల్లల మీద, ఇది బానిసలు చేసిన చక్కెర కాదు, ఈస్టిండియా చక్కెర అని బంగారు అక్షరాలతో రాసిన గిన్నెలు కూడా వెలిశాయి. ఈస్టిండియా సరుకంటే పుణ్యం సరుకని వాళ్ళ నమ్మకం, దాని సంగతి ఇప్పుడు ఎత్తను.

నవలిక హీరోయిన్‌కి గ్రీకు వచ్చు, గుర్రపుస్వారీ వచ్చు, ఆడవాళ్ళ చదువు మీద ఉపన్యాసం కూడా వచ్చు. టీలో రెండు చెంచాల చక్కెర వేసుకుని తిప్పుతుంది, అంతే. ఐదో భాగానికి ప్రీ ఆర్డర్లు మొదలయ్యాయి. ఈసారి పెళ్ళికొడుకు మూడో తమ్ముడు. జమైకా నుంచి దిగుతున్నాడట, ఎండకి రంగు తగ్గాడని ఇంటిల్లిపాదీ బెంగపెట్టుకున్నారు.