పసుపు, సబ్బు, ఎంఈఓ గారి తెల్లచొక్కా

1928 ఫిబ్రవరి 28న సి.వి. రామన్ గారు రామన్ ఎఫెక్ట్ (పదార్థంలో చెదిరిన కాంతిలో కొంత రంగు మారడం) కనిపెట్టారు. 1930లో నోబెల్ వచ్చింది. 1987 నుంచి ఆ రోజును దేశమంతా జాతీయ విజ్ఞాన దినోత్సవంగా జరుపుకుంటోంది. ఈ మూడు ముక్కలూ మా ఐదో తరగతి పిల్ల నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఏటా లాగే అవి చెప్పించి, చాక్లెట్లు పంచేసి ఊరుకుంటే పోయేది. "ఈసారి పిల్లల చేతే ప్రయోగాలు చేయిద్దాం" అన్నాను. నా నోరు ఊరుకోదు.

మాది ఇద్దరు మాస్టర్ల ప్రాథమిక పాఠశాల. రామన్ గారి పరికరాలకు మొత్తం రెండు వందల రూపాయలు కూడా కాలేదని చెబుతారు. మనకు అంతకన్నా చవకలో తేలింది: పసుపు ప్యాకెట్టు, ఉప్పు, బట్టల సబ్బు, రెండు నిమ్మకాయలు. గుడ్డు మధ్యాహ్న భోజనంలోది.

ముందు గుడ్డు ప్రయోగం. మామూలు నీళ్లలో మునిగింది, ఉప్పు కలుపుతూ పోతే మెల్లగా పైకి తేలింది. చప్పట్లు కొట్టి అటు తిరిగి ఇటు చూసేసరికి గ్లాసులో గుడ్డు లేదు. ఉడికించిన గుడ్డు తేవడం నాదే పొరపాటు. "ఉప్పు సరిపోయింది సార్" అన్నాడు మూడో తరగతివాడు, మూతి తుడుచుకుంటూ.

తర్వాత పసుపు కాగితాలు. డ్రాయింగు కాగితానికి పసుపు నీళ్లు పూసి ఆరబెట్టాం. దాని మీద సబ్బు నీళ్లు పడితే ఎర్రబడుతుంది, అంటే క్షారం. ఆ ఎరుపు మీద నిమ్మరసం వేస్తే మళ్లీ పసుపే. నేను ముప్పావుగంట చెప్పిన ఈ పాఠాన్ని గుమ్మంలో నిలబడి విన్న వంట ఆయమ్మ, "ఇందులో ఏముంది మాస్టారూ, పసుపులో సున్నం కలిపితే పారాణి అవదా? దిష్టి నీళ్లు ఎర్రగా ఎందుకుంటాయి మరి?" అని గరిటె పట్టుకుని వెళ్లిపోయింది.

పదకొండింటికి ఎంఈఓ గారు, అంటే మండల విద్యాధికారి, బైకు మీద వచ్చారు. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. మూఢనమ్మకాలు వదిలేయాలని, దిష్టీ గిష్టీ ఏమీ లేవని పావుగంట చక్కగా మాట్లాడారు. పిల్లలు బుద్ధిగా విన్నారు.

ఇక అసలు ప్రయోగం. నిండు గ్లాసు మీద అట్టముక్క పెట్టి బోర్లిస్తే నీళ్లు పడవు. కింది నుంచి గాలి అట్టను నొక్కిపట్టి ఉంచుతుంది. నీళ్లు వెనక వరసవాళ్లకు కనబడటం లేదని అందులో పసుపు కలపమన్నది నేనే. అదే అట్టముక్కతో పొద్దుటి నుంచి ఎనిమిదిసార్లు రిహార్సల్ చేయించిందీ నేనే. "సార్‌కి దగ్గరగా వెళ్లి చూపించరా" అన్నది కూడా, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, నేనే.

"వాతావరణ పీడనం వల్ల..." అని నాలుగో తరగతివాడు గ్లాసు బోర్లించాడు. పీడనం తన పని తాను చేసింది. నానిపోయిన అట్టే చేతులెత్తేసింది.

చొక్కా సగం పచ్చబడింది. ఎవరికీ మాట రాలేదు. ఆయమ్మ ఒక్క ఉదుటున వచ్చి "నేను కడుగుతా బాబూ" అని టేబుల్ మీది బట్టల సబ్బు తీసి రుద్దేసింది. నేను "వద్దు వద్దు" అనేలోపే ఎంఈఓ గారి పొట్ట ఎర్రగా అయిపోయింది.

"క్షారం! క్షారం!" అని బడంతా ఒక్క గొంతుతో అరిచింది. ఇంత చక్కటి ఫలితం నా సర్వీసులో చూడలేదు. కానీ ఆనందించే పరిస్థితి కాదు. గేటు దగ్గర నిలబడ్డ ఒక పిల్లాడి నాయనమ్మ "అయ్యో, రక్తం!" అని అప్పటికే వీధిలోకి పరుగెత్తింది.

"నిమ్మకాయ పిండాలి సార్!" అంది మా ఐదో తరగతి పిల్ల. తెచ్చిన రెండూ పొద్దున్నే పిండేశాం. ఏం చేద్దామా అనుకుంటుండగానే గుడ్డు తిన్నవాడు బయటికి పరుగెత్తి, నిమిషంలో నిమ్మకాయతో వచ్చాడు. దానికి నల్లదారం, ఆ దారానికి నాలుగు పచ్చిమిరపకాయలు.

"ఎక్కడిదిరా?"

"సార్ బండికి కట్టుంది సార్."

ఎంఈఓ గారు నా వైపు చూశారు. నేను నేలచూపులు చూశాను. "మా ఆవిడ కట్టింది" అన్నారాయన మెల్లగా.

నిమ్మరసంతో ఎరుపు పోయి పసుపు మిగిలింది. పసుపు మరక ఎండకు వెలుస్తుందని చొక్కా ఉతికి తీగ మీద వేశాం. ఆయన బనీను మీద, ఆయమ్మ ఇచ్చిన తువ్వాలు కప్పుకుని, వేపచెట్టు కింద కూర్చుని పిల్లలతో పాటు అన్నం తిన్నారు. సందర్శకుల పుస్తకంలో "ప్రయోగాలు స్వయంగా అనుభవించాను" అని రాసి సంతకం పెట్టారు.

మూడింటికి చొక్కా వేసుకుని బైకెక్కారు. కిక్కు కొట్టబోయి, హ్యాండిల్ దగ్గర నిమ్మకాయ ఉండాల్సిన చోటు ఒకసారి చూసుకుని, చుట్టూ పిల్లలెవరూ లేరని రూఢి చేసుకుని నన్ను దగ్గరికి పిలిచారు.

"మాస్టారూ, ఊళ్లో ఎక్కడైనా ఇంకో నిమ్మకాయ దొరుకుతుందా?"