మాన్‌స్టెరాను మూలన పెట్టకండి

మనవాళ్ల ఇళ్లకు భోజనానికి వెళ్లినప్పుడల్లా చూస్తుంటాను. సోఫా వెనక మూలన పెద్ద కుండీలో మాన్‌స్టెరా, అదే ముదిరిన ఆకులకు చిల్లులూ చీలికలూ ఉండే మొక్క, ఉంటుంది, కాడలు సన్నగా సాగిపోయి, కొత్త ఆకులు చిల్లుల్లేకుండా చిన్నగా వచ్చి, కింద పళ్లెంలో నీళ్లు నిలిచిపోయి. "రోజూ పోస్తూనే ఉన్నామండీ, అయినా ఆకులు పండిపోతున్నాయి" అంటారు. రోజూ పోస్తున్నారు కాబట్టే పండిపోతున్నాయి!

నా మొదటి మొక్క అలాగే పోయింది. షికాగోలో డిసెంబరంటే పగలు 9 గంటలే, అంత కొద్ది వెలుతురులో మొక్క తాగేదే తక్కువ, నేనేమో ఊళ్లో తులసికి పోసినట్టు పొద్దున్నే చెంబుడు నీళ్లు పోసేదాన్ని. చివరికి కుండీ బోర్లిస్తే గుప్పున మురుగు వాసన. వేళ్లు మెత్తబడిపోయి, పట్టుకుంటే పైతోలు ఊడి చేతికొచ్చింది. ఇప్పటికీ బాధే.

అసలిది దక్షిణ మెక్సికో నుంచి పనామా దాకా అడవుల్లో చెట్లను పట్టుకుని పైకి పాకే తీగ. మన మనీ ప్లాంట్‌ను గుర్తు తెచ్చుకోండి, సీసాలో ఉన్నంతకాలం అరచేతిలో సగం ఆకు, అదే పెరట్లో కొబ్బరిచెట్టు ఎక్కిందా, చేటంత ఆకులు, అంచులకు చీలికలు. రెండూ ఒకే కుటుంబం. అందుకే కుండీలో నాచు చుట్టిన కర్ర పాతండి. ఊడల్లా దిగే వేళ్లను చూడ్డానికి బాగాలేదని కత్తిరించకండి, కర్రవైపు మళ్లించి కట్టండి. తూర్పు కిటికీ దీనికి బాగా సరిపోతుంది, దక్షిణం కిటికీ అయితే పల్చటి తెర వేయండి. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి, పొడిగా తగిలితేనే నీళ్లు, పోసినప్పుడు మాత్రం అడుగునుంచి కారేదాకా పోసి పళ్లెం వంపేయండి. చలికాలంలో మా ఇంట్లో రెండు వారాలకోసారి పోస్తే ఎక్కువ.

పాకే పిల్లలూ, పిల్లీ ఉన్న ఇంట్లో అందకుండా పెట్టండి. కంద కోస్తే చెయ్యి ఎందుకు దురద పెడుతుందో మనకు తెలుసు కదా, కందా చేమా కూడా ఈ కుటుంబమే, ఆ దురద పెట్టించే కాల్షియం ఆక్సలేట్ అనే పదార్థం ఇందులోనూ ఉంటుంది. ఆకు నమిలితే నోరు మండి వాచిపోతుంది.

కిటికీ దగ్గర సోఫా ఉంది, చోటు లేదంటారు. సోఫాను జరపండి. మేమూ జరిపాం. పోయిన మార్చిలో చుట్టలా వచ్చిన లేతాకు కొన్నాళ్లకు మెల్లగా విచ్చుకుంటే, నడిమి ఈనె పక్కన చిన్న చిన్న చిల్లులు, మా ఇంట్లో మొదటిసారి.