సలహా మీట లేని ఆట

ఎదుటివారి జీవితంలో ఏది ఎప్పుడు జరగాలో నిర్ణయించే పనిలో నాకు ముప్పై ఏళ్ల అనుభవం ఉంది. మా బంధువర్గంలో నలుగురి చదువులు, ఇద్దరి పెళ్లిళ్లు, ఒకరి పెళ్లి రద్దు కావడం నా మాట మీదే జరిగాయని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. అందువల్ల మా అమ్మాయి తన కంప్యూటర్‌లో ఒక ఆట తెరిచి, "ఇందులో మనం చేసేదాన్ని బట్టి వాళ్ల కథలు మారిపోతాయి నాన్నా, ఆడతావా?" అని అడిగినప్పుడు, ప్రపంచం ఇన్నాళ్లకు నా ప్రతిభను గుర్తించి ఒక ఆటగా మలిచిందని నేను భావించడంలో అతిశయమేమీ లేదు. కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నాను. రెండు గంటల తరువాత లేచిన మనిషి వేరు.

ఆట పేరు కాఫీ టాక్. ఇండోనేసియాకు చెందిన టోగె ప్రొడక్షన్స్ అనే సంస్థ దీనిని 2020 జనవరిలో విడుదల చేసింది. టోగె అంటే వారి భాషలో పెసర మొలకలు. పేరులోనే సాత్వికత ఉట్టిపడుతోందని గమనించగలరు. కథ జరిగేది మాత్రం అమెరికాలోని సియాటిల్‌లో, అంటే 1971లో స్టార్‌బక్స్ పుట్టిన ఊళ్లో, రాత్రిపూట మాత్రమే తలుపులు తెరిచే ఒక చిన్న కాఫీ కొట్టులో. ఆ కొట్టు నడిపేది మనమే. బయట వాన కురుస్తూ ఉంటుంది, లోపల సన్నగా సంగీతం వినిపిస్తూ ఉంటుంది, మనుషులతో పాటు కోసు చెవుల ఎల్ఫులు, రక్తపిశాచులు, తోడేలు మనుషులు, పిల్లి చెవుల వారు వచ్చి కూర్చుని తమ గోడు చెప్పుకుంటారు. రక్తపిశాచి ఎవరినీ కొరకడు. పోలీసు లాఠీ ఎత్తడు. రెండు గంటల్లో ఒక్క సుమో కూడా గాలిలోకి లేవలేదు. వీటన్నింటినీ నేను పెద్దమనసుతో సహించాను.

మన పని పానీయం కలపడం. కాఫీ, టీ, గ్రీన్ టీ, చాక్లెట్, పాలు అనే ఐదింటిలో ఒకదానిని మూలంగా తీసుకుని, దానికి అల్లం, దాల్చినచెక్క, నిమ్మ, పుదీనా, తేనె వంటివాటిలోంచి మరో రెండు చేర్చాలి. పాలు పోసేటప్పుడు పైన బొమ్మలు గీసే సౌకర్యం కూడా ఉంది. నేను హంస గీయబోతే పనసకాయ వచ్చింది. ఆ దినుసుల వరుస చూడగానే మా నాయనమ్మ జలుబుకు కాచే కషాయం గుర్తుకొచ్చి, ఇందులో మిరియాలు ఎందుకు పెట్టలేదని అడిగాను. అది నా మొదటి సలహా. స్వీకరించడానికి అక్కడ యంత్రాంగమే లేదని నాకు అప్పుడు తోచలేదు.

అసలు దోషం చెబుతాను. ఈ ఆటలో శాఖోపశాఖలుగా చీలే కథ ఉంది, నిర్ణయం ఉంది, పర్యవసానం ఉంది. నోరు మాత్రం లేదు. ఇటువంటి ఆటలలో సాధారణంగా తెర మీద మూడు నాలుగు జవాబులు కనిపిస్తాయి, వాటిలో ఒకటి ఎంచుకుని ఎదుటివారిని దారిలో పెట్టవచ్చు. ఇక్కడ ఆ ఏర్పాటు లేదు. కొట్టు యజమాని మాటలను ఆటే ముందుగా రాసి పెట్టింది, అవి కూడా "అలాగా", "తరువాత ఏమైంది" వంటి పనికిమాలిన మర్యాద మాటలే. వచ్చినవారి జీవితం ఏ మలుపు తిరుగుతుందన్నది మనం కప్పులో ఏమి పోశామన్నదాని మీద ఆధారపడుతుందట. ఒక జాతికి జాతి ఉచిత సలహాల మీద నిలబడి ఉండగా, పెదవి విప్పకుండా అల్లం పాలు ఇచ్చి ఒక కుటుంబాన్ని చక్కదిద్దవచ్చునన్న భావనను ఇంటింటికీ పంపడం ఎంత ప్రమాదకరమో పెద్దలు ఆలోచించాలి.

ఉదాహరణకు బెయిలీస్, లువా అనే జంటను చూడండి. అబ్బాయి ఎల్ఫు, అమ్మాయి మన మోహినీ పిశాచానికి దూరపు చుట్టమనదగిన సక్యుబస్ జాతి. ఇద్దరూ ప్రేమించుకున్నారు, జాతులు వేరని ఇంట్లోవారు అభ్యంతరం చెబుతున్నారు. ఇంత పక్వానికి వచ్చిన వ్యవహారం ఎదురుగా కౌంటరు మీద మోచేతులు ఆనించి కూర్చుని ఉంటే, అబ్బాయిది ఏ ఊరు, నికరమైన జీతమా లేక ఎప్పటికప్పుడు దొరికే పనా, మధ్యవర్తిగా ఎవరిని పంపారు, రేపు పుట్టబోయే పిల్లల చెవులు ఎవరి పోలిక వస్తాయి, ఆ పిల్లలకు సంబంధాలు ఎవరు చూస్తారు అన్న ప్రాథమిక ప్రశ్నలలో ఒక్కటి కూడా అడిగే అవకాశం ఇవ్వకుండా, "వారికి ఏమి ఇస్తారు?" అని ఆట నన్ను అడిగింది. ఏమి ఇస్తాను? ముహూర్తం లేకుండా నేను ఏమి ఇవ్వగలను?

తరువాత రేచెల్ వచ్చింది. పిల్లి చెవుల పిల్ల, బృందంలో పాడుతూ పేరు తెచ్చుకుని ఇప్పుడు సొంతంగా పాడతానంటోంది. ఆమె తండ్రి హెండ్రీకి అది ఇష్టం లేదు. ఆ రంగంలోని మనుషుల మీద ఆయనకు నమ్మకం లేదు. హెండ్రీని చూడగానే నాకు గుండె నిండిపోయింది. ఆ ఆటలో వివేకం ఉన్న ఏకైక ప్రాణి ఆయనే. "ముందు డిగ్రీ పూర్తి చెయ్యమ్మా, పాటలు ఎక్కడికీ పోవు" అని పైకే అన్నాను. తెర మీద రేచెల్ కదలలేదు. పక్కన కూర్చున్న మా అమ్మాయి మాత్రం ఎందుకో నా వైపు చూసింది.

ఇక ఈ కొట్టుకు వచ్చేవారు తమకు కావలసినది సూటిగా చెప్పరు. మన వీధి చివర బండి దగ్గర "రెండు టీ, ఒకటి చక్కెర లేకుండా" అనే నాగరికత అక్కడింకా రాలేదు. ఒంట్లో నలతగా ఉందంటారు, వెచ్చగా ఏదైనా ఇమ్మంటారు, ఎప్పుడో తాగినదాన్ని తలుచుకుంటారు. ఆ సోదంతా చదివి, అందులోంచి మూడు దినుసులను మనమే ఏరుకోవాలి. నేను సహజంగానే చదవలేదు. "నాన్నా, వాళ్లు చెప్పేది చూడకుండా నొక్కేస్తున్నావు" అంది మా అమ్మాయి. ఎదుటివారు సగం చెప్పగానే మిగతా సగం గ్రహించగల మనిషికి ఇది వర్తించదని చెప్పి, గాలా అనే తోడేలు మనిషికి ఉగ్రత పెరుగుతున్న వేళ, శాంతింపజేసే పానీయానికి బదులు చిక్కటి కాఫీ ఇచ్చాను. తప్పు కలిపితే పారబోసి మళ్లీ చేసుకోవచ్చునట. పారబోయడం మా వంశంలో లేదు.

మామూలు ఆటైతే అక్కడ ఏదైనా పేలేది, ఎర్ర అక్షరాలు వచ్చేవి, నేనూ మళ్లీ మొదలుపెట్టేవాణ్ని. ఈ ఆట నన్ను ఒక్క మాట అనలేదు. వాన అలాగే కురిసింది, సంగీతం అలాగే సాగింది. కస్టమర్లకు సరిగా వడ్డిస్తేనే స్నేహం పెరిగి, ఆటలో మనకిచ్చిన ఫోనులో వారి వివరాలు విప్పుకుంటాయి. నా ఫోనులో అందరూ మూసిన తలుపుల్లా ఉన్నారు. తప్పు చేసినవాణ్ని ఇంత నిశ్శబ్దంగా వదిలేయడం కంటే పెద్ద హింస ఏముంటుంది? ఇది అహింసాత్మకమైన ఆట అన్న ప్రచారాన్ని నేను పూర్తిగా ఖండిస్తున్నాను.

మరో లోపం కూడా నమోదు కావాలి. సియాటిల్ పరిసరాలలో మనవాళ్లు ఎందరున్నారో తెలిసిన ఎవరికైనా, ఆ ఊరి కాఫీ కొట్టులో ఒక్క తెలుగు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు కూడా కనిపించకపోవడం నమ్మశక్యంగా ఉండదు. పరలోకం నుంచి వచ్చిన నీల్ అనే గ్రహాంతరవాసి మాత్రం వ్యోమగామి దుస్తులతో దర్జాగా లోపలికి వచ్చి కూర్చుంటాడు. అమెరికా చట్టం మనవాళ్లను కూడా ఏలియన్లనే అంటుంది గానీ, నీల్‌ను ఎవరూ హెచ్1బీ కాగితాలు అడగలేదు. పైగా కథాకాలం 2020. నిజమైన సియాటిల్‌లో ఆ ఏడాది ఎదురెదురుగా కూర్చుని కాఫీ తాగడమే గ్రహాంతర వ్యవహారంలా ఉండేది.

కాబట్టి తెలుగువారి కోసం దీనిని తక్షణం సవరించాలి. కొట్టును హైదరాబాదులో ఒక ఇరానీ హోటలుకు మార్చి, పాలరాతి బల్ల మీద ఉస్మానియా బిస్కెట్ల పళ్లెం ఉంచి, తెర కుడి వైపున కొబ్బరికాయంత సలహా మీట పెట్టాలి. కస్టమరు నోరు తెరవకముందే దానిని నొక్కే వీలుండాలి. కథ చీలే చోట ఇంజనీరింగ్, మరో కాలేజీలో ఇంజనీరింగ్, ఒక ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్ తరువాత ఇంజనీరింగ్ అని మూడు దారులు చాలు. టీ ఐచ్ఛికం.

ఈ వ్యాసం పూర్తి చేస్తుండగా మా అమ్మాయి గదిలోకి వచ్చి, ఏమీ మాట్లాడకుండా బల్ల మీద ఒక కప్పు పెట్టి, కాసేపు అక్కడే నిలబడింది. ఏదో చెప్పాలనుకున్నట్టుంది. టీలో అల్లం కొంచెం ఎక్కువైందని చెప్పాను.