అక్కడి కాగితం చేతికి రాకముందే ఇక్కడ సామాను ఎక్కించకండి

మా ఒంగోలు నుంచి విదేశాలకు కాపురం మార్చేవాళ్ళు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు. వాళ్ళందరికీ చేతులు జోడించి చెబుతున్నా: వీసా స్టాంపు పడిందని ఇల్లంతా కట్టేసి ఓడెక్కించకండి. వీసా వేరు, అక్కడ నివాసం ఉన్నట్టు చూపించే కాగితం వేరు. ఈ తేడా తెలియక 2024లో మా అక్కావాళ్ళు పడ్డ అగచాట్లు నేను దగ్గరుండి చూశాను.

బావ ఉద్యోగం మీద ముందే జర్మనీ వెళ్ళాడు. అక్క, పాప వీసా కోసం లాయర్‌పేట ఇంట్లోనే ఉన్నారు. జూన్‌లో ఇంటి ఓనరు ఖాళీ చెయ్యమన్నాడు. "ఆషాఢం వస్తే మళ్ళీ నెల ఆగాలి, ఇప్పుడే పంపెయ్యండి" అని అమ్మ. "ముప్పై అయిదు రోజుల్లో హాంబర్గ్‌లో ఉంటుంది సార్" అని సామాను పంపే ఏజెంటు. అందరూ తొందరపెట్టేవాళ్ళే. బావ పేరు మీద అక్కడ అడ్రసు రిజిస్టరు అయిందా అని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు.

మూడు రోజులు కూర్చుని కట్టాం. ఉదయగిరి చెక్క గరిటెలు అక్క పాత నేతచీరలో చుట్టి పెట్టింది. అట్టపెట్టెల మీద మార్కరుతో "వంటిల్లు 4", "పాప బొమ్మలు" అని నేనే రాశాను. బట్టల మధ్య అమ్మ నెయ్యి డబ్బా దూర్చింది. చివర్లో లిస్టు సరిచూస్తుంటే దొరికింది, తీసేశాను. బయటి దేశాల నుంచి ఇంటి సామానుతో పాలపదార్థాలు, మాంసం యూరప్‌లోకి రానివ్వరు.

ఎర్ర సముద్రంలో 2023 చివర్లో ఓడల మీద దాడులు మొదలయ్యాక చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి పోవడం మొదలుపెట్టాయి. ముప్పై అయిదు రోజులన్నది దాదాపు రెండు నెలలు పట్టింది. అయినా బావ కాగితం కన్నా సామానే ముందు చేరింది. ఆయన ఉన్నది తాత్కాలికంగా తీసుకున్న గది. అడ్రసు నమోదుకి ఇంటి ఓనరు రాసిచ్చే పత్రం కావాలి, ఆ ఓనరు ఇవ్వనన్నాడు. ఆ నమోదు లేకుండా, కాపురం మార్చేవాళ్ళు వాడిన సామానుకి ఉండే కస్టమ్స్ పన్ను మినహాయింపు కోసం అడగడానికి చేతిలో రుజువే లేదు. సామాను గోడౌన్‌లో పడింది. రోజులెక్కన అద్దె. బావ వేరే ఇల్లు చూసుకుని కాగితం తెచ్చేసరికి ఆ అద్దె లాయర్‌పేట ఇంటికి మూడు నెలల్లో కట్టినదాన్ని దాటిపోయింది. అక్క ఫోన్లో ఏడుస్తుంటే నాకు మాట రాలేదు.

నాకు కడుపు మండేది ఎక్కడంటే, అసలు తొందరే లేదు. యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం అక్కడ నివాసం ఏర్పడ్డాక పన్నెండు నెలల్లోపు ఎప్పుడు తెచ్చుకున్నా మినహాయింపు ఉంటుంది. అంతకుముందు కనీసం పన్నెండు నెలలు బయట కాపురం ఉండాలి, వస్తువులు ఆరు నెలలైనా వాడినవై ఉండాలి. నివాసం ఏర్పడకముందే సామాను తేవాలన్నా దారి ఉంది, ఆరు నెలల్లో కాపురం పెడతామని హామీ రాసి, పన్నుకి పూచీ చూపాలి. ఏజెంటు ఇందులో ఒక్క ముక్క చెప్పలేదు. డబ్బు తీసుకున్నవాడికి ఇది చెప్పే బాధ్యత లేదా?

ఏడాది గడువు ఉందని తెలిసుంటే ఆ పెట్టెలన్నీ అమ్మావాళ్ళ మిద్దె మీది గదిలో పెట్టేవాళ్ళం. ఆ గది ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

ఇంకోటి. కొత్త కాపురం అని మనవాళ్ళు అన్నీ కొత్తవి కొనిస్తారు. అమ్మ ట్రంకు రోడ్డులో కొత్త గ్రైండరు కొని, బిల్లుతో సహా పెట్టెలో పెట్టింది. ప్రేమతోనే. కానీ ఆరు నెలలు వాడని దానికి మినహాయింపు రాదు. దానికి పన్ను కట్టి విడిపించుకున్నారు. పాత గ్రైండరు ఇక్కడ పక్కింటివాళ్ళకి ఇచ్చేశాం.

చీమకుర్తిలో గ్రానైట్ ఎగుమతి ఆఫీసులో పనిచేసే అన్న ఒకాయన ఇదంతా విని, "రాయికయినా సరే, అవతల దింపుకునేవాడి కాగితాలు సరిగా ఉన్నాయని తేలేదాకా మేం లోడెత్తం. మీరు ఇల్లంతా ఎట్టా ఎక్కించారు?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు.

దేశానికో పద్ధతి. బ్రిటన్‌కి అయితే మినహాయింపు కోసం ముందే దరఖాస్తు పెట్టి అనుమతి నంబరు తెచ్చుకోవాలి, తర్వాతే సామాను. ఆస్ట్రేలియాలో చెక్క వస్తువుల మీద, బూట్లకంటిన మట్టి మీద కూడా కన్నేసి చూస్తారు. కెనడాకి స్థిరపడటానికి వెళ్ళేవాళ్ళు, వెనక రాబోయే సామాను లిస్టు మొదటిసారి దిగినరోజే అధికారులకి ఇవ్వాలి.

మా పిన్ని కొడుకు వచ్చే నెల పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) మీద కెనడా పోతున్నాడు. నిన్న రాత్రి కందుకూరు వెళ్ళి, వాడిని కూర్చోబెట్టి ఆ లిస్టు రాయించాను. 86 వస్తువులు. పిన్ని రోలు కూడా చేర్పించింది. కట్టడం మాత్రం ఇప్పుడు కాదు, వాడు అక్కడ దిగి ఇల్లు చూసుకున్నాకే.